బిస్కెట్ డబ్బాలో తాయత్తు

కోచ్ ఉద్యోగంలో చేరబోయే కుర్రాళ్లు నన్ను కలవడానికి వచ్చినప్పుడు ముందు అడిగేది ఆట గురించే. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, ఎప్పుడు మార్చాలి, పెనాల్టీ ఎవరి చేత కొట్టించాలి? ఇవన్నీ ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి. అక్కడ దొరకనిది ఒకటి చెబుతాను. ఇది ప్రధానంగా భయపడే ఉద్యోగం. ఎవరెవరి బిడ్డలో పదకొండు మంది మైదానంలో పరుగెడుతుంటారు. గీత బయట నిలబడి వాళ్లకోసం భయపడినందుకే మనకు జీతం. భయం లేని కోచ్‌ను నేను నమ్మను. అతను చూడడం మానేశాడని నా లెక్క.

రాంగోపాల్‌పేట్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫుట్‌బాల్ నేర్పాను. కాగితాల మీద ఫిజికల్ డైరెక్టర్‌ని, పిల్లల నోట్లో పీడీ సార్‌ని. రిటైరయ్యాను గాని ఇప్పటికీ సాయంత్రం నాలుగు కొట్టేసరికి ఇంట్లో ఉండలేను. దారిలో ఏ ఖాళీ జాగాలోనైనా పిల్లలు ఆడుతుంటే ఆగి లెక్కపెడతాను. ఎంతమంది ఉన్నారు, అందరూ నిలబడే ఉన్నారా? ఈ లెక్క నాకు మొదటినుంచీ ఉన్నది కాదు. ఒక ఆటగాణ్ణి చావు దాకా తీసుకుపోయిన తర్వాత పట్టుకున్నది.

అతని పేరు శ్రీకాంత్. నేను రాసేది అతని గురించీ, అతని తల్లి గురించీ, నా తప్పు గురించీ. ట్రోఫీలు కాలేజీ అద్దాల బీరువాలో ఉన్నాయి. కావలసినవాళ్లు వెళ్లి చూసుకోవచ్చు.

హుండీ

నేను హేతువాదిని. వయసులో ఉన్నప్పుడు సంస్కరణ సభల్లో వేదికలెక్కి గొంతు పోయేదాకా వాదించినవాణ్ణి. కాలేజీకి వచ్చాక నా వేదిక మైదానమైంది. గోల్‌పోస్టుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టినవాళ్లతో తగువు పడ్డాను. మ్యాచ్ ఫలానా వారం పడింది కనుక ఓడిపోతామని ముందే ఏడుపు మొహం పెట్టిన కెప్టెన్‌ను బెంచీ మీద కూర్చోబెట్టాను. ఈ రోజు ఓటమిని గ్రహాల నెత్తిన రుద్దేవాడు రేపు తన ఇంటి బాధ్యతను కూడా వాటి నెత్తినే రుద్దుతాడు. ఈ మాటలో ఒక్క అక్షరం కూడా నేటికీ వెనక్కు తీసుకోను.

వెనక్కు తీసుకోవలసింది ఇంకొకటి ఉంది.

ఫుట్‌బాల్‌లో ఒంటి మీద ఉంగరం, గొలుసు, కడియం, లోహపు తాయత్తు ఉంటే రిఫరీ ఆడనివ్వడు. ఎదుటివాడికి గుచ్చుకుంటుంది. ఇది సరైన నియమం. మిగతా కోచ్‌లు ఆటకు ముందు వాటిని విప్పించి, ఆట అయ్యాక తిరిగి ఇచ్చేవారు. నేను అంతటితో ఆగలేదు. నా దగ్గర ఒక రేకు బిస్కెట్ డబ్బా ఉండేది. ఏటా కొత్త పిల్లలు చేరిన మొదటి రోజున జట్టునంతా గుండ్రంగా నిలబెట్టి, కట్లు కత్తిరించే కత్తెర పట్టుకుని, ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్లి దారాలూ తాయత్తులూ కత్తిరించి ఆ డబ్బాలో వేసేవాణ్ణి. తర్వాత ప్రసంగం. దాని చివరి మాట ఎప్పుడూ ఒకటే: "భయంతో పట్టుకున్నది ఏదైనా సరే, వదిలెయ్యండి. అప్పుడే రెండు చేతులూ ఖాళీ అవుతాయి." ఆ తర్వాత చప్పట్లు.

సీనియర్లు ఆ డబ్బాకు 'సార్ హుండీ' అని పేరు పెట్టారు. విని నేనూ నవ్వాను. నవ్వవలసింది కాదు, ఉలిక్కిపడవలసింది. ఏటా అదే రోజు, అదే కత్తెర, అవే మాటలు, అవే చప్పట్లు. పూజ అంటే ఇంకేమిటి? పూజారిని నేనే అయ్యాను. నాకే కనబడలేదు.

శ్రీకాంత్ సీతాఫల్‌మండి నుంచి వచ్చేవాడు. తండ్రి లేడు. తల్లి లక్ష్మమ్మ బేగంపేటలో ఒక హోటల్ లాండ్రీలో పనిచేసేది. ఎడమకాలి ఆటగాడు. మైదానం ఎడమ అంచున వాడు బంతి తీసుకుని పోతుంటే, నాలాంటి అనుమానపు మనిషి కూడా ఒక్క క్షణం లెక్కలు మరిచిపోయేవాడు. ఆ మొదటి రోజున నేను కత్తెరతో దగ్గరికి వెళ్లేసరికి వాడు కుడి జబ్బను అరచేత్తో కప్పుకున్నాడు. వేళ్ల సందున నల్లదారం, చిన్న వెండి గొట్టం కనిపించాయి.

"ఏందిరా, సిగ్గా?" అన్నాను.

"కాదు సార్. మా అమ్మ కట్టింది."

"ఏడ తెచ్చింది?"

"దర్గా కాడ ఇచ్చిన్రు సార్."

వెనకనుంచి ఒక సీనియర్ అందుకున్నాడు. "కట్ చేయించుకో తమ్ముడూ. ఏం నొప్పుండదు. మాయి గూడ అయినయ్." అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

"అమ్మ మీద గౌరవం ఉంటే అమ్మ భయాన్ని నువ్వు మొయ్యకు" అన్నాను. చప్పట్లు మోగాయి. వాడు మెల్లగా చెయ్యి తీశాడు. నేను కత్తిరించాను.

ఎవరు కట్టారో తెలుసుకున్నాను, ఎక్కడ తెచ్చారో అడిగాను. ఎందుకు కట్టారని అడగలేదు. జీవితమంతా 'ఎందుకు' అనే ఆ ఒక్క మాటనే జెండాలా ఎగరేసినవాణ్ణి, అవసరమైన చోట దాన్ని నోట్లోంచి బయటికి తీయలేదు.

తాళాల గుత్తి

ఆ తర్వాత రెండు వారాలకు మా మైదానంలోనే ఇంకో కాలేజీ జట్టుతో స్నేహపూర్వక మ్యాచ్ పెట్టుకున్నాం. ఆట రెండో సగం నడుస్తోంది. నేను మా డిఫెండర్ మీద అరుస్తున్నాను. మైదానం కాపలా చూసే ఖాజా భాయ్ కేక వినిపించింది.

"సాబ్! పోరడు పడ్డడు!"

మూలన జెండా దగ్గర శ్రీకాంత్ పడి ఉన్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఎవరూ తగలకుండానే పడ్డాడంటే ఫౌల్ కోసం నటిస్తున్నాడనుకున్నాను. "లేవరా! నాటకాలొద్దు!" అని అరిచాను. ఆ అరుపు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. అరిచాక చూశాను, వాడి మడమలు నేలను కొడుతున్నాయి. ఆ దరువు ఆటగాడిది కాదు.

"ఫిట్సు! తాళాలు, తాళాలు తేండ్రి!" అని ఎవరో అరిచారు. ఖాజా భాయ్ స్టోర్‌రూమ్ తాళాల గుత్తితో పరుగెత్తుకొచ్చి వాడి పిడికిట్లో కుక్కాడు. నేను ఆ గుత్తి లాగి పారేశాను. "ఇనుము పెడితే రోగం తగ్గుతదా? చదువుకునే కాలేజీల ఈ మూఢనమ్మకమేంది?" అన్నాను.

మీరు కోచ్ కాబోతున్నారు కనుక ఆ దృశ్యాన్ని సరిగ్గా చూడండి. మనిషి నేల మీద కొట్టుకుంటున్నాడు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని నేను వాదం గెలుస్తున్నాను.

వాదం అయ్యాక చేసింది ఇంకా ఘోరం. నాలుక కొరుక్కుంటాడని విన్నాను కనుక, జేబురుమాలు చుట్టగా చుట్టి వాడి పళ్ల మధ్య పెట్టబోయాను. ఆ మాట ఎక్కడ విన్నాను, ఎవరు రుజువు చేశారు? నాకే తెలియదు. ఖాజా భాయ్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"నోట్ల ఏం పెట్టకు సాబ్. ఊపిరాడదు. నువ్వు జెర పక్కకు జరుగు."

అతను శ్రీకాంత్‌ను పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. తన భుజం మీది తువ్వాలు మడిచి తలకింద పెట్టాడు. గుమిగూడిన వాళ్లను దూరంగా తోలాడు. కాళ్లూ చేతులూ ఎవరినీ పట్టుకోనివ్వలేదు. ఒక కన్ను గడియారం మీదే ఉంచాడు. "మా చెల్లెకు వస్తుండె సాబ్, చిన్నప్పుడు" అన్నాడు, ఎవరూ అడగకుండానే.

తాళాల విషయంలో నాదే ఒప్పు. మిగతా అన్నిటిలో అతనిదే. అతను ఒక్క అబద్ధాన్ని నమ్మాడు, దాని పక్కనే నాలుగు నిజాలు అతని చేతుల్లో ఉన్నాయి. నా దగ్గర ఒక్క నిజం ఉంది, అది తప్ప ఇంకేమీ లేదు.

కొట్టుకోవడం ఆగింది. ఊపిరి పీల్చుకున్నాం. అంబులెన్సులో ఎక్కించాక మళ్లీ మొదలైంది.

ఆసుపత్రి వరండాలో

మా ప్రిన్సిపాల్ గ్రేస్ మేడమ్ మాకంటే ముందే ఆసుపత్రికి చేరింది. గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. ప్రతి మ్యాచ్‌కు ముందు తన గదిలో పిల్లల్ని నిలబెట్టి ప్రార్థన చేసేది. నేను తలుపు బయట నిలబడేవాణ్ణి. మా ఇద్దరి మధ్య ఆ తలుపు ఎప్పుడూ అలాగే ఉండేది.

లోపల డాక్టర్లు సూదులు వేస్తున్నారు. మమ్మల్ని రానివ్వలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడుతున్నాను, మూసుకుంటే కూర్చుంటున్నాను. నా ఒళ్లో వాడి బూట్లు ఉన్నాయి. ఎప్పుడు తీశానో, ఎందుకు తెచ్చానో గుర్తు లేదు.

గంట గడిచాక ఒక నర్సు వచ్చి, ఫిట్స్ ఆగాయి, ఇంకా తెలివి రాలేదు అని చెప్పింది. సరిగ్గా అప్పుడే లక్ష్మమ్మ వచ్చింది, హోటల్ వాళ్ల నీలం చీరలోనే. తల్లి కనుక లోపలికి వెళ్లనిచ్చారు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆమె కొడుకు ముఖం చూడలేదు. దుప్పటి పైకెత్తి కుడి జబ్బ చూసింది. బయటికి వచ్చింది.

"తాయత్తేది?"

ఇంత జరిగినా నాలో ఉపన్యాసం చావలేదు. "చూడమ్మా, తాయత్తుకూ దీనికీ..." అని మొదలుపెట్టాను.

"గది గాదు సారూ నేనడిగేది. గోలీ ఏసుకున్నడా?"

"ఏం గోలీ?"

 ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుని చెప్పింది. వాడు తొమ్మిదో తరగతిలో ఉండగా మూర్ఛలు మొదలయ్యాయి. సర్కారు దవాఖానాలో డాక్టరు మాత్రలు రాశాడు. రోజూ తప్పకుండా వేసుకోవాలన్నాడు. వేసుకుంటున్నన్నాళ్లూ మళ్లీ రాలేదు.

"మరి తాయత్తు?" అని అడిగింది గ్రేస్ మేడమ్.

"రోగానికి గోలీ ఉన్నది గద మేడమ్. తాయత్తుతోటి తగ్గుతదనుకోనీకి నేనేమన్న పిచ్చిదాన్నా? అది యాదికి. నేను తెల్లారకముందే డ్యూటీకి పోత. వాడు తానానికి పోయేటప్పుడు తాయత్తు ఇప్పుతడు. మళ్ల కట్టుకునేటప్పుడు గోలీ ఏసుకోవాలె. కట్టుకున్నడంటే ఏసుకున్నట్టు. పొద్దుమీకి ఇంటికి రాంగనే నేను జబ్బ చూస్త."

"గోలీల డబ్బా మీదనే రాసిపెట్టుకోవచ్చు కదమ్మా" అన్నాను.

"రాసిపెడితే సుట్టుపక్కలోళ్లు సదువుతరు సారూ. గోలీలు చూస్తే పదిమంది పది తీర్ల అడుగుతరు. తాయత్తు చూస్తే ఎవ్వలడగరు. దిష్టికి కట్టిన్రు అనుకుంటరు."

నేను ఏ మూఢత్వాన్ని కత్తిరించానని చప్పట్లు కొట్టించుకున్నానో, అది మూఢత్వం కాదు. మాత్ర వేళకు పెట్టుకున్న గుర్తు. మూర్ఛ అంటే మొహం తిప్పుకునే మనుషుల మధ్య ఆ మాత్రను దాచుకోవడానికి ఒక తల్లి కనిపెట్టిన ముసుగు. మా అందరిలోకీ హేతుబద్ధంగా ఆలోచించినది ఆమె.

గ్రేస్ మేడమ్ నెమ్మదిగా అంది. "పీడీ గారూ, ఒక్క మాటండీ. ఎందుకు కట్టుకున్నావు బాబూ అని అడిగారా మీరు?"

"లేదు."

"నా ప్రార్థనంటే మీకు పడదు. పడకపోతే పోనీండి. కానీ ప్రార్థన చేసే ముందు ఏం కావాలమ్మా అని పిల్లల్ని ఒక్కొక్కళ్లనీ అడుగుతానండీ నేను."

శ్రీకాంత్‌కు తెలివి వచ్చేసరికి చీకటి పడింది. తల్లికి ఇంకో ప్రశ్న మిగిలి ఉంది. ఆమె రోజూ జబ్బ చూస్తూనే ఉంది, తాయత్తు కనబడుతూనే ఉంది. అదెలా? వాడు నోరు పెగల్చుకుని చెప్పాడు. అలాంటిదే ఇంకొకటి కొనుక్కున్నాడు. ప్రాక్టీసుకు వచ్చేటప్పుడు సంచిలో పెట్టుకుని, ఇంటికి వెళ్లేటప్పుడు కట్టుకునేవాడు. అమ్మ పరేషాన్ కాకూడదని. నా హేతువాదం చివరికి ఒక దొంగ తాయత్తును పుట్టించింది.

"తాయత్తు పోతే పోయింది. గోలీ ఎందుకు బంద్ చేసినవ్ బిడ్డా?" అంది లక్ష్మమ్మ.

వాడు ఆమె వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"మీరే అన్నరు గద సార్. భయంతోటి పట్టుకున్నది ఏదైనా వదిలెయ్యమని. గోలీ సుత భయంతోటే ఏసుకుంటున్న గదా అనుకున్న."

డబ్బా తెరిచాను

మర్నాడు స్టోర్‌రూమ్‌లో కూర్చుని బిస్కెట్ డబ్బా నేల మీద బోర్లించాను. నల్లదారాలు, ఎర్రదారాలు, రాగి ఉంగరాలు, ఒక చిన్న సిలువ, వెండి గొట్టాలు. శ్రీకాంత్‌ది ఏదో తెలియలేదు. చాలాసేపు వెతికితే ఒకదాని దారం చివర తెల్లటి నూలు పట్టీ కుట్టి కనిపించింది. హోటల్ బట్టలకు నంబరు వేసి కుట్టే పట్టీ. జబ్బకు ఒరుసుకోకుండా లక్ష్మమ్మ కుట్టిందన్నమాట.

మిగతావి ఎవరివి? వాటిలో చాలా వరకు ఉత్త దిష్టి దారాలే అయి ఉంటాయి. ఆ దారాలకు శక్తి లేదని ఇప్పటికీ అంటాను. కానీ ఒక్కదాని వెనక ఏముందో కూడా నాకు తెలియదు. తిరిగి ఇద్దామంటే పేర్లు లేవు. దొంగ కూడా ఎవరింట్లో ఏది తీశాడో గుర్తు పెట్టుకుంటాడు.

ఆ తాయత్తు పట్టుకుని సీతాఫల్‌మండి వెళ్లాను. శ్రీకాంత్ మంచం మీద నిద్రపోతున్నాడు. క్షమించమని అడిగాను. లక్ష్మమ్మ తాయత్తు తీసుకుంది, క్షమించలేదు.

"చప్పట్లు కొట్టిన్రంట గద సారూ నీకు?" అంది. "నా కొడుకు సచ్చి బతికిండు."

  నిజమైన మాటకు జవాబు వెతక్కండి. మోయండి.

కాలేజీలో కొందరు పెద్దలు వాణ్ణి జట్టులోంచి తీసెయ్యమన్నారు. మళ్లీ పడితే ఎవరిది బాధ్యత అన్నారు. తప్పు వాడిది కాదు నాది, తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి అన్నాను. గ్రేస్ మేడమ్ మా అందరి నోళ్లూ మూయించి, ముందు డాక్టరు ఏమంటాడో వినమంది. మాత్రలు మానకుండా కొన్ని నెలలు ఫిట్స్ రాకుండా ఉంటే ఆడవచ్చని డాక్టరు చెప్పాడు. గీత బయట ఏం చెయ్యాలో తెలిసినవాడు ఒకడు ఎప్పుడూ ఉండాలన్నాడు. ఖాజా భాయ్ చేసినవన్నీ సరైనవేననీ, అయిదు నిమిషాలు దాటితే మాత్రం ఆగకుండా అంబులెన్సు పిలవాలనీ చెప్పాడు. తాళాల గురించి అడిగితే, వాటివల్ల లాభమూ లేదు, మీరు పోట్లాడేంత అవసరమూ లేదు అన్నాడు.

గీత బయట

నెలలు గడిచాయి. వాడు మళ్లీ ఆడడం మొదలుపెట్టాడు. ఫోనులో అలారం పెట్టుకుని మాత్ర వేసుకునేవాడు. మైదానంలో ఉండేవాళ్లలో సంగతి తెలిసింది నాకూ ఖాజా భాయ్‌కూ మాత్రమే. ఆ రోజు ఫిట్స్ వచ్చింది ఎండదెబ్బ వల్లనని జట్టుకు చెప్పాం. జట్టుకంతా చెబితే వాడికి రక్షణ ఎక్కువని లక్ష్మమ్మను బతిమాలాను.

"అందరికి ఎరికైతే ఎట్ల సారూ? రేపు నౌకరీ ఎవలిస్తరు? పిల్లనెవలిస్తరు? నువ్విస్తవా?"

మండిపోయింది నాకు. ఆమె మీద కాదు. ఏం దేశం ఇది? చక్కెర జబ్బుకు మాత్ర వేసుకునేవాడు పెళ్లి భోజనంలో అందరి ముందూ వేసుకుంటాడు. మూర్ఛకు వేసుకునేవాడు తలుపు మూసుకోవాలి. మెదడు కూడా గుండెలాంటి అవయవమేనని, దానికీ జబ్బు చేస్తుందని ఒప్పుకోవడానికి ఇన్ని డిగ్రీలు చదివినవాళ్లకు నోరు రాదు. దయ్యం పట్టిందనేవాడు, వంశంలో దోషముందనేవాడు ఇద్దరూ ఒకే బడిలో చదివారు. ఇదంతా సభలో అరవగలను. కానీ ఆ రహస్యం నాది కాదు. ఒకసారి వాడి ఒంటి మీదిది నేను తీశాను. రెండోసారి తీసే హక్కు నాకు లేదు.

కనుక నోరు మూసుకుని భయపడ్డాను. ప్రతి విజిల్‌కూ పదకొండు మందిని లెక్కపెట్టడం అప్పుడే మొదలైంది. వాడు వంగి బూటు లేసు కట్టుకుంటే గీత దాటి లోపలికి రెండడుగులు వేసేవాణ్ణి. రిఫరీ రెండుసార్లు హెచ్చరించాడు. ఎండలో కళ్లు చిట్లించినా, బంతి వదిలేసి ఆకాశం చూసినా గడియారం చూసుకునేవాణ్ణి. ఒక మ్యాచ్‌లో ఎదుటి జట్టు కుడివైపునుంచి దాడి మొదలుపెట్టింది. మైదానమంతా చూసింది, నేను చూడలేదు. నా కళ్లు ఒక్కడి మీదే ఉన్నాయి. ఓడిపోయాం.

ఆ సాయంత్రం శ్రీకాంత్ నా దగ్గరికి వచ్చాడు. "సార్, మీరు నన్నే చూస్తుంటే నాకు ఆట రాదు సార్. వాళ్లు సుత అడుగుతున్నరు, సార్ నిన్నే ఎందుకు చూస్తడని."

"ఏం చెప్పినవ్?"

"అల్లునిగా చేసుకుంటడేమో అన్న."

నవ్వాను. 

మూలన జెండా

ఆ ఏడు చివరి మ్యాచ్ కూడా మా మైదానంలోనే పడింది. డ్రెస్సింగ్ రూమ్‌లో నా మాటలు అయిపోయాక శ్రీకాంత్ లేచి నిలబడ్డాడు. నాతో ముందు అనలేదు.

"ఒక మాట చెప్తనే. నాకు ఫిట్స్ వస్తయ్. గోలీలు ఏసుకుంటున్న, గందుకే వస్తలేవు. ఒకవేళ వస్తే ఇట్ల పక్కకు తిప్పుండ్రి. నోట్ల ఏం పెట్టకుండ్రి. టైం చూడుండ్రి. అంతే."

ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోయాను.  ఈ పదిమంది ముఖాల్లో ఒక్కటి పక్కకు తిరిగినా వాడు ఇక లేవలేడు.

గోల్‌కీపర్ అడిగాడు. "అంటే నువ్వు పాస్ ఇయ్యకపోయేది గీ ఫిట్స్ వల్లనా?"

"కాదన్నా. నువ్వు ఆపలేవని."

గది పగలబడి నవ్వింది. ఒకడు నేల మీద పడుకున్నాడు, ఇద్దరు వాణ్ణి తిప్పి చూశారు. ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలని శ్రీకాంత్ చూపించాడు. నా ముప్పై ఏళ్ల ప్రసంగాలన్నీ ఒక గిన్నెలో, ఈ కుర్రవాడి నాలుగు మాటలు ఒక గిన్నెలో వేస్తే తక్కెడ ఎటు వంగుతుందో నాకు తెలుసు.

బయటికి వచ్చేసరికి లక్ష్మమ్మ కనిపించింది. కొడుకు ఆట చూడడానికి రావడం అదే మొదటిసారి. ఖాజా భాయ్ కుర్చీ వేశాడు. మైదానంలోకి పరుగెత్తుతున్న గోల్‌కీపర్ ఆమె ముందు ఆగి, ధైర్యం చెబుతున్నాననుకుని, "ఆంటీ, ఫికర్ చెయ్యకుండ్రి. వానికి వస్తే ఎట్ల తిప్పాల్నో మాకెరికే" అనేసి వెళ్లిపోయాడు.

ఆమె ముఖంలో రక్తం లేదు. "నువ్వు చెప్పినవా?" అంది నాతో.

"నేను కాదమ్మా. వాడే చెప్పిండు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆట మొదలైంది. నేను గీత దగ్గర నిలబడి లెక్కపెడుతున్నాను.

రెండో సగంలో మూలన జెండా దగ్గర శ్రీకాంత్ పడ్డాడు. అదే మూల. చుట్టుపక్కల ఎవరూ లేరు.  నేను కదిలేలోపే మా వాళ్లు పదిమందీ అటు పరుగెత్తారు, గోల్ ఖాళీగా వదిలేసి గోల్‌కీపర్ కూడా. ఎదుటి జట్టువాళ్లు నిలబడి చూస్తున్నారు. నేను చేరేసరికి వాణ్ణి పక్కకు తిప్పేశారు. ఒకడు తలకింద చొక్కా పెట్టాడు. ఒకడు సెకన్లు లెక్కపెడుతున్నాడు.

"అరే, ఇడువుండ్రిరా! పిక్క పట్టింది, అంతే!" అని శ్రీకాంత్ కింద నుంచి మొత్తుకుంటున్నాడు.

"నువ్వు మాట్లాడకు. టైం చూస్తున్నం" అన్నాడు గోల్‌కీపర్.

పిక్కే. ఖాజా భాయ్ వచ్చి కాలు చాపి నొక్కాడు. రిఫరీ నవ్వు ఆపుకోలేక ఆట మళ్లీ మొదలుపెట్టాడు. వెనక్కి చూశాను. లక్ష్మమ్మ గీత దాకా వచ్చి నిలబడి ఉంది. ఆమె చూస్తున్నది కొడుకును కాదు. తిరిగి తమ తమ చోట్లకు పోతున్న ఆ పదిమందిని. పడిపోయినవాడి దగ్గరనుంచి జనం పారిపోవడమే ఆమె ఎరిగినది. వాడి వైపు పరుగెత్తడం ఆమె మొదటిసారి చూస్తోంది.

ఆ మ్యాచ్ సమానంగా ముగిసింది. పదకొండు మందీ వాళ్ల కాళ్ల మీద బయటికి వచ్చారు. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను.

లక్ష్మమ్మ నా దగ్గరికి వచ్చి రైక లోపలి చిన్న సంచీ తీసింది. అందులోంచి తాయత్తు తీసింది, తెల్ల పట్టీ కుట్టినది, నేను కత్తిరించినది. నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"వానికి అక్కెర లేదంటున్నడు. నువ్వు పెట్టుకో సారూ. ఆట షురూ అయినకాడి సంది నీ చెయ్యే వణుకుతున్నది."

చూసుకున్నాను. నిజమే, వణుకుతోంది. నేను దాన్ని నమ్మనని అనబోయాను. ఆ మాట ఆపి, మొదటి రోజున ఏమీ అడగకుండా కత్తిరించిన నేను ఇన్నాళ్లకు ఒక ప్రశ్న అడిగాను.

"పొద్దున గోలీ ఏసుకున్నడా అమ్మా?"

"ఏసుకున్నడు" అంది లక్ష్మమ్మ. "నేను యాది చెయ్యలే."